సైనికుడి భార్యగా విదేశంలో మొదటి క్రిస్మస్: ఉండాలా, పుట్టింటికి వచ్చేయాలా?

చెల్లెమ్మా, అమెరికా సైన్యంలో పనిచేస్తున్న మీ వారికి జర్మనీలోని బవేరియాకు బదిలీ అయిందనీ, అక్టోబరులో మీరు కూడా ఆయన వెంట వెళ్తున్నారనీ, డిసెంబరులో ఆయన డ్యూటీలోనో, కొన్ని నెలల పాటు పోలండ్‌కు పంపే రొటేషన్‌లోనో ఉండిపోవచ్చనీ రాశారు. భాష రాని ఊళ్లో మొదటి క్రిస్మస్‌ను ఒంటరిగా గడపడం కంటే ఆ నెల ఒంగోలులోని పుట్టింటికి వచ్చేయడం మంచిది కాదా అని అడిగారు. నేనైతే రావద్దనే చెబుతాను. మొదటి డిసెంబరులో అక్కడ లేకపోతే ఆ ఊరు మీకు జనవరిలో మళ్లీ కొత్తగానే ఉంటుంది. అప్పుడు చలి మాత్రమే ఉంటుంది, దీపాలు ఉండవు.

నా సంగతి చెబుతాను. అమెరికాలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థులను భాషా నైపుణ్యం ఆధారంగా సైన్యంలోకి తీసుకునే మావ్ని అనే పథకం 2009లో మొదలై 2016 వరకు నడిచింది. దాని ద్వారా చేరిన తెలుగు కుర్రవాళ్లలో మా వారు ఒకరు. పెళ్లయిన రెండో ఏడు, 2018 శరదృతువులో, మేము విల్సెక్ చేరుకున్నాం. అది గ్రాఫెన్‌వోర్ శిక్షణ క్షేత్రానికి ఆనుకొని ఉన్న చిన్న ఊరు. క్వార్టర్స్ ఖాళీ లేక పక్క పల్లెలో ఒక ముసలావిడ ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. ఓడలో వస్తున్న మా సామాను ఇంకా అందలేదు కాబట్టి, హౌసింగ్ ఆఫీసు వాళ్లు తాత్కాలికంగా ఇచ్చిన మంచం, సోఫా, భోజనాల బల్ల, గుంటూరు నుంచి మోసుకువెళ్లిన రెండు సూట్‌కేసులు, ఇదీ మా సంసారం.

అక్కడి డిసెంబరు గురించి ముందుగా తెలుసుకోవలసింది, అసలు పండుగ 25న కాదు, 24 సాయంత్రం. మనకు తెల్లవారుజామున నాలుగు గంటలకే గుడి గంట మోగడం, కొత్త బట్టలు, ఆరాధన, ఆ తరువాత ఇంటింటా పలావు వాసన, అంతా 25నే కదా. జర్మనీలో 24 మధ్యాహ్నం రెండు గంటలకల్లా దుకాణాలు మూతపడతాయి, పిల్లలకు కానుకలు ఆ రాత్రే ఇస్తారు, 25తో పాటు 26 కూడా సెలవే. ఆదివారాలు ఎలాగూ దాదాపు ఏదీ తెరవరు. 2018లో 23 ఆదివారం, 24 సోమవారం వచ్చాయి. అంటే 22 రాత్రి తరువాత 27 ఉదయం దాకా ఊళ్లో సరుకులు కొనుక్కోవడానికి మాకు మిగిలింది ఒకే ఒక్క పూట. ఇది తెలియక నేను 24 మధ్యాహ్నం మూడు గంటలకు కొత్తిమీర కోసం బయలుదేరాను. వీధిలో మనిషి లేడు, నాలుగున్నర కాకముందే చీకటి పడింది, మూసిన దుకాణం అద్దంలో నన్ను నేను చూసుకొని ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. మీరు పండుగ సరుకులన్నీ 20వ తేదీలోగా తెచ్చిపెట్టుకోండి. బేస్‌లో సైనిక కుటుంబాల కోసం ఉండే కిరాణా దుకాణం, కమిసరీ, కూడా 25న మూసే ఉంటుంది.

రెండో సంగతి మీకు సంతోషం కలిగించేదే. మన దగ్గర డిసెంబరు మొదటి వారం నుంచే హాస్టళ్లలో, ఆఫీసుల్లో, సంఘాల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలైపోయినట్టు, అక్కడా పండుగ ఒక్క రోజులో ముగిసేది కాదు. పండుగకు ముందు వచ్చే నాలుగు ఆగమన ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులతో ఆకుపచ్చ కొమ్మల చక్రం ఒకటి చాలా ఇళ్లలో ఉంటుంది, వారానికి ఒక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. డిసెంబరు 6న సెయింట్ నికొలస్ రోజు, పిల్లలు ముందు రాత్రే బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడతారు. నూరెంబర్గ్‌లోని హాప్ట్‌మార్క్ట్ చౌకులో జరిగే క్రిస్మస్ సంతకు వెళ్లకుండా ఉండకండి. మొదటి ఆగమన ఆదివారానికి ముందు శుక్రవారం నాడు ఫ్రావెన్ చర్చి మేడ మీద నుంచి బంగారు జుట్టు పెట్టుకొని క్రీస్తు బిడ్డ వేషం వేసిన ఒక అమ్మాయి పలికే మాటలతో ఆ సంత మొదలవుతుంది. ఎండు ప్లమ్ పండ్లతో చేసిన చిన్న మనుషుల బొమ్మలూ, తేనె, అల్లం వాసన వచ్చే లెబ్‌కూఖెన్ బిళ్లలూ అక్కడి ప్రత్యేకత. వేడి పానీయం తీసుకుంటే కప్పుకు కూడా కొంత డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగి ఇస్తే డబ్బు తిరిగి వస్తుంది. నేను ఆ కప్పును తిరిగి ఇవ్వలేదు, ఇప్పటికీ మా ఇంట్లో పెన్నులు పెట్టుకుంటున్నాం.

ఇక పార్సిళ్ల సంగతి. మా అమ్మ నవంబరులోనే గుంటూరు నుంచి నేతి అరిసెలు, మటన్ పచ్చడి, ఒక చీర పంపింది. అన్నీ వెళ్తాయని అక్కడి కొరియర్ దుకాణంవాడు ధీమాగా చెప్పాడట. యూరోపియన్ యూనియన్ వెలుపలి నుంచి పార్సిల్‌లో మాంసం, పాల పదార్థాలు రానివ్వరని అతనికి తెలియదు, మాకూ తెలియదు. చివరికి చీర మాత్రం చేరింది, అదీ జనవరిలో. ఇంటి నుంచి వచ్చే కానుక విలువ 45 యూరోలు దాటితే సుంకం కూడా పడుతుంది. అమెరికాలో మీ బంధువులు ఉంటే ఏపీఓ చిరునామాకు, అంటే అమెరికా సైనిక తపాలా చిరునామాకు, పంపమనండి. దానికి అమెరికా దేశీయ తపాలా రేట్లే వర్తిస్తాయి, పండుగలోగా చేరాలంటే ఏ తేదీకి పోస్టు చేయాలో అక్కడి తపాలా శాఖ ఏటా ప్రకటిస్తుంది.

పార్సిల్ రాదని తేలాక అరిసెలు నేనే చేయాలనుకున్నాను. నూరెంబర్గ్‌లోని ఆసియా దుకాణంలో బెల్లం దొరికింది, బియ్యప్పిండి ప్యాకెట్టూ దొరికింది. ఆ పొడి పిండితో చేసిన మొదటి వాయి నూనెలో వేసీవేయగానే విచ్చిపోయి అడుగుకు దిగిపోయింది. అరిసెకు తడిపిండే కావాలని తెలిసీ చేసిన తప్పు అది. రెండోసారి బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, బట్ట మీద ఆరీ ఆరకముందే మిక్సీలో వేశాను. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేలితో కూడదీస్తే మెత్తని ఉండ కట్టేదాకా చూసి పిండి కలిపాను. రెండు గరిటెల మధ్య నూనె ఒత్తుతుంటే వచ్చిన వాసనకు కింది వాటా ముసలావిడ మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది. అంతకు రెండు రోజుల ముందే ఆవిడ ఒక పళ్లెం నిండా నెలవంకల్లాంటి వనిల్లా బిస్కెట్లు తెచ్చి ఇచ్చింది. పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, అందుకే నాలుగు అరిసెలు పెట్టి ఇచ్చాను. ఆవిడ కొరికి, చాలాసేపు నమిలి, ఒక మాట అంది. అర్థం కాలేదు కానీ మరునాడు ఖాళీ పళ్లెంతో మళ్లీ వచ్చింది కాబట్టి నచ్చిందనే అనుకున్నాను.

మిక్సీ గురించి అడగలేదు గానీ చెబుతాను. జర్మనీ ఇళ్లలో 230 వోల్టుల కరెంటు కాబట్టి అమెరికన్ ఇల్లాళ్లంతా తమ సామానుకు బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు మోసుకుంటూ తిప్పలు పడుతుంటే, మన మిక్సీ ప్లగ్గు మార్చుకుంటే చాలు, తిరుగుతుంది. నేను టెక్సాస్‌లో కొన్న దీపాల దండ మాత్రం సాకెట్‌లో పెట్టగానే టప్పుమని ఒక్కసారి వెలిగి ఊరుకుంది. చివరికి సూట్‌కేసు అడుగున మడిచి తెచ్చిన కాగితం స్టారే కిటికీలో వెలిగింది. మన రెండు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో నేరుగా పట్టింది. మీరూ ఒక స్టార్ తీసుకువెళ్లండి. అక్కడ కూడా ఇళ్ల ముందు నక్షత్రాలు కడతారు, శాక్సనీలోని హెర్న్‌హుట్ అనే ఊరి మొరేవియన్ సంఘంవాళ్లు చేసే ముళ్ల నక్షత్రాలు. వాటి పక్కన మన ఎర్ర స్టార్ పరాయిదానిలా కనిపించదు.

24న మా వారికి స్టాఫ్ డ్యూటీ పడింది. ఉదయం తొమ్మిది నుంచి మరునాడు ఉదయం తొమ్మిది దాకా, ఇరవై నాలుగు గంటలు, హెడ్‌క్వార్టర్స్‌లో ఒక బల్ల ముందు కూర్చోవాలి. పెళ్లాం బిడ్డలున్నవాళ్లకు పండుగ డ్యూటీలు వేయరని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి, వంతు ఎవరికి వస్తే వాళ్లకే. నేను కోపం తెచ్చుకున్నాను, ఆయన మీద తప్ప చూపించడానికి ఎవరూ లేరు కాబట్టి ఆయన మీదే చూపించాను. ఆ పొద్దున ఒక మాట అని ఉండకపోతే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీరు ముందే ఆ రోజు ఆయన ఉండరని లెక్కవేసుకొని, మీకంటూ ఒక పని, వెళ్లడానికి ఒక చోటు పెట్టుకోండి. ఉంటే అది అదనం.

నాకు ఆ చోటును ముసలావిడే చూపించింది. దుకాణం నుంచి ఉత్తచేతులతో తిరిగివస్తున్న నన్ను గుమ్మంలో చూసి, కోటు తొడుక్కొమ్మని సైగ చేసి, కారులో సుల్జ్‌బాఖ్‌లోని లూథరన్ చర్చికి తీసుకువెళ్లింది. ఆ ప్రాంతమంతా ఎక్కువగా కథోలికులే, ఆవిడ మాత్రం నూరెంబర్గ్ వైపు నుంచి కోడలిగా వచ్చిన లూథరన్. ఆరాధనలో ఒక్క మాట అర్థం కాలేదు. కానీ రెండో కీర్తన రాగం వినగానే నా నోటికి తెలుగు మాటలు వాటంతటవే వచ్చాయి. నేను గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగిన పిల్లను, ఆ రాగాలు జర్మనీవని నాకు ఎవరూ చెప్పలేదు. వచ్చేటప్పుడు కారులో ఫోన్‌లోని అనువాదంతో ఆవిడకు ఒక విషయం చెప్పాను. హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్లి, 1842 జులై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ వల్లనే మా సంఘం మొదలైందని. ఆవిడ కారు పక్కకు ఆపి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. మా ఇద్దరి మధ్య ఆ తరువాత భాష అంత పెద్ద అడ్డంకిగా లేదు.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా ముందే అనుకోండి. చలికాలంలో మనకూ జర్మనీకీ నాలుగున్నర గంటల తేడా. నేను 24 అర్ధరాత్రి చేశాను, గుంటూరులో అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర, అమ్మావాళ్లు గుడి మెట్ల దగ్గర ఉన్నారు. డోలు, మైకు, పిల్లల గోల, అమ్మ ముఖం సగం, ఆకాశం సగం కనిపించాయి. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే ఫోన్ కట్ అయింది. ఆ రాత్రంతా అదే చప్పుడు చెవుల్లో ఉండి నిద్ర పట్టలేదు. 25 ఉదయం తొమ్మిదికి చేస్తే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అందరూ తిని తీరికగా కూర్చుంటారు. ఆ వేళ మేలు.

25న మా వారు డ్యూటీ దిగి వస్తూ బారక్స్‌లో మిగిలిపోయిన ముగ్గురు పెళ్లికాని కుర్రవాళ్లను వెంటబెట్టుకొని వచ్చారు, నాకు ఒక్క మాట కూడా ముందు చెప్పకుండా. కోడి పలావు ఇద్దరికే వండాను కాబట్టి మళ్లీ ఎసరు పెట్టాను. అందులో ఒక కుర్రవాడు గోంగూర పచ్చడిని జామ్ అనుకొని బ్రెడ్డుకు దట్టంగా రాసుకున్నాడు, కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే పూర్తిచేశాడు. వాళ్ల అమ్మలతో వీడియో కాల్స్ మా భోజనాల బల్ల మీదే జరిగాయి. వండి పెట్టేవాళ్లు లేక కాదు, కూర్చోవడానికి ఇల్లు లేక ఆ పిల్లలు ఎంత దిగులుగా ఉంటారో ఆ రోజే చూశాను. మీ వారు పోలండ్‌లో ఉన్నా సరే, యూనిట్‌లోని కుటుంబాల బృందానికి ముందే చెప్పి ఇద్దరు ముగ్గురిని భోజనానికి పిలవండి, లేదా మరో ఇల్లాలితో కలిసి వండండి.

ఇంకో రెండు ముక్కలు. వెళ్లిన నెలలోనే అక్కడి సైనిక డ్రైవింగ్ లైసెన్స్ పరీక్ష రాయండి. నేను వాయిదా వేయడం వల్లనే పండుగ రోజుల్లో బస్సుల్లేని పల్లెలో చిక్కుకుపోయాను. పక్కింటి భార్యలు ప్రాగ్‌లో క్రిస్మస్ సంతకు రమ్మని పిలుస్తారు, రెండు మూడు గంటల దారే. వాళ్లది అమెరికన్ పాస్‌పోర్టు. మీది భారతీయ పాస్‌పోర్టు అయితే సైనిక కుటుంబాలు జర్మనీలో ఉండడానికి ఒప్పందం కింద అందులో వేసే సోఫా (SOFA) ముద్రతో సరిహద్దు దాటవచ్చో లేదో బేస్‌లోని లీగల్ ఆఫీసులో అడిగాకే టికెట్ కొనండి.

స్టార్‌ను మాత్రం న్యూ ఇయర్ కాగానే దించేయకండి. బవేరియాలో జనవరి 6 సెలవు. ఆ రోజుల్లో ముగ్గురు జ్ఞానుల వేషాలు వేసుకున్న పిల్లలు కర్రకు నక్షత్రం కట్టుకొని ఇంటింటికీ పాడుతూ వస్తారు, సుద్దముక్కతో గుమ్మం పైన ఆ ఏటి అంకెల మధ్య సి, ఎం, బి అనే అక్షరాలు రాసి దీవిస్తారు. డిసెంబరంతా మన క్యారల్స్ జట్టు కోసం మనసు లాగుతూనే ఉంది, వాళ్లు మా గుమ్మంలోకి జనవరిలో వచ్చారు. వాళ్లు తెచ్చే విరాళాల డబ్బాలో వేయడానికి కొంచెం చిల్లర దగ్గర ఉంచుకోండి. నేను చిల్లరతో పాటు ఇంట్లో మిగిలిన అరిసెలు కూడా ఇచ్చాను, బల్తజారు వేషంలో ఉన్న బుడతడు కిరీటం సర్దుకుంటూ రెండోది కూడా అడిగి తీసుకున్నాడు.