రన్నింగ్ బ్యాక్ ఇచ్చి సెంటర్‌ను తీసుకోవచ్చా?

ప్రశ్న: మా ఫాంటసీ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు పొందే పోటీ) ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్), ఎన్‌బీఏ (బాస్కెట్‌బాల్), బేస్‌బాల్‌లకు వేర్వేరు ర్యాంకులిచ్చి, చివర్లో కలుపుతారు. నా రన్నింగ్ బ్యాక్‌కు (బంతి పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్ ఆటగాడు) బదులు ఎన్‌బీఏ సెంటర్‌ను (బాస్కెట్ దగ్గర ఆడే ఆటగాడు) ఇస్తామంటున్నారు. లాభమేనా?

జవాబు: మొత్తం పాయింట్లు పోల్చకండి. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సీజన్‌కు 17 మ్యాచ్‌లే ఆడుతుంది, ఎన్‌బీఏ జట్టు 82. ముందు ఒక్కొక్కరి పాయింట్లలోంచి, అదే స్థానంలో ఎవరూ తీసుకోని ఉత్తమ ఆటగాడి పాయింట్లు తీసేయండి. ఉదాహరణకు మీ బ్యాక్‌కు వారానికి 14, ఖాళీగా ఉన్నవాడికి 8 అనుకుందాం. తేడా 6, మిగిలిన 6 వారాలకు 36. సెంటర్‌కు మ్యాచ్‌కు 38, ఖాళీగా ఉన్నవాడికి 30 అయితే, తేడా 8, మిగిలిన 60 మ్యాచ్‌లకు 480. (విశ్రాంతి పేరుతో కూర్చోబెట్టే మ్యాచ్‌లు ముందే తీసేయాలి, చాలామంది మరిచేది ఇదే.)

480 పెద్దదిగా కనిపిస్తుంది కానీ, ఒక్కో మొత్తాన్ని ఆ ఆట పట్టికలో పక్కపక్క ర్యాంకుల మధ్య సగటు తేడాతో భాగించండి. బాస్కెట్‌బాల్‌లో అది 240 అయితే 2 ర్యాంకులు. ఫుట్‌బాల్‌లో 12 అయితే, 36కు 3 ర్యాంకులు. అలాగైతే ఇవ్వొద్దు. ఫుట్‌బాల్‌లో మీరు ఇప్పటికే అందనంత ముందుంటే మాత్రం బ్యాక్‌ను వదిలేయండి.