మాల్టా ప్రయాణానికి ఎఫ్‌డీని ముందే తీయాలా?

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుడిని, వయసు 62. మా అమ్మాయి మధ్యధరా సముద్రంలోని ద్వీపదేశం మాల్టాలో నర్సుగా పనిచేస్తూ తోటి ఉద్యోగినులతో కలిసి అద్దె ఇంట్లో ఉంటోంది. అక్టోబరులో నేనూ నా భార్యా 12 రోజులు వెళ్లి అమ్మాయిని, రాజధాని వలెట్టా నగరాన్ని చూసి రావాలనుకుంటున్నాం. విమానం, హోటల్, అద్దె కారు కలిపి ట్రావెల్ ఏజెంట్ 4.80 లక్షలు చెబుతున్నారు. మూడేళ్లకు వేసిన 6 లక్షల ఎఫ్‌డీ వచ్చే జనవరిలో ముగుస్తుంది. దాన్ని ముందే తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ వద్దు. అమ్మాయికి సెలవు దొరికే పక్షంలో ప్రయాణాన్ని మార్చికి జరపడం అన్నిటికంటే మేలు. అప్పటికి డిపాజిట్ సొమ్ము మీ చేతికి వస్తుంది, ఈస్టర్ రద్దీ మొదలుకాకముందైతే గదుల అద్దెలు కూడా అక్టోబరు కంటే తక్కువగా ఉంటాయి. సముద్రంలో ఈదడానికి నీళ్లు చల్లగా ఉంటాయి గానీ, ఎత్తుపల్లాల వీధుల్లో నడవవలసిన మీ ఇద్దరికీ ఆ చల్లదనమే హాయి.

అక్టోబరులోనే వెళ్లక తప్పదంటే, ఆ ఎఫ్‌డీనే హామీగా పెట్టి అప్పు తీసుకోండి. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో 1 శాతం వరకు కోత పెడతాయి. 6 లక్షలపై రెండు ముప్పావు సంవత్సరాలకు అది సుమారు 16,500 రూపాయలు. అదే డిపాజిట్‌పై అప్పు తీసుకుంటే అసలు సొమ్ము వడ్డీ సంపాదిస్తూనే ఉంటుంది కనుక, అప్పు వడ్డీకీ డిపాజిట్ వడ్డీకీ తేడా 2 శాతం అనుకున్నా 3.30 లక్షలపై నాలుగు నెలలకు మీకు పడే అదనపు భారం 2,200 మాత్రమే.

3.30 లక్షలు అన్నది మార్చి ప్రయాణానికి నేను వేసిన అంచనా. యూరోకు 110 రూపాయల లెక్కన, రోజుకు 70 యూరోల గదికి 12 రాత్రులకు 92,400, తిండికీ తిరుగుడుకూ ఇద్దరికీ కలిపి రోజుకు 50 యూరోల చొప్పున 66,000, దుబాయ్ లేదా ఇస్తాంబుల్ మీదుగా విమాన టికెట్లకు 1.40 లక్షలు, వీసా, బీమా వగైరాలకు 30,000 కేటాయించాను. అక్టోబరులో గది ఖరీదు పెరుగుతుంది, ఆ మేరకు కలుపుకోండి. వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ దొరికితే తిండి ఖర్చు బాగా తగ్గుతుంది.

ఏజెంట్ ప్యాకేజీలో నాకు అన్నిటికంటే అనవసరంగా కనిపించినది కారు. మాల్టా ప్రధాన ద్వీపం పొడవే దాదాపు 27 కిలోమీటర్లు. మన దేశంలో లాగే ఎడమవైపు నడపడం ఒక్కటే అనుకూలం. ఇక అప్పట్లో మాల్టాను ఏలిన సెయింట్ జాన్ నైట్లు (క్రైస్తవ యోధుల సంఘం) 1566లో పునాది వేసిన వలెట్టా సుమారు కిలోమీటరు పొడవున్న ద్వీపకల్పం, నడిచి చూడవలసిన ఊరు. బయటి వాహనాలు లోపలికి వస్తే కెమెరాలు గుర్తించి రుసుము లెక్కగడతాయి, పార్కింగ్ దొరకడం కష్టం, పైగా కారు అద్దెకిచ్చేవారు డిపాజిట్ కింద మీ క్రెడిట్ కార్డులో కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు.

బస్సులన్నిటికీ కేంద్రం వలెట్టా నగర ద్వారం ఎదుట, ట్రైటన్ ఫౌంటెన్ పక్కన ఉంది. విమానాశ్రయం నుంచి కూడా నేరుగా అక్కడికి బస్సు ఉంది. బస్సు ఉచితమని మీ అమ్మాయి చెప్పి ఉండవచ్చు. స్థానిక నివాసుల కార్డు ఉన్నవారికి 2022 అక్టోబరు నుంచి అది నిజమే, కానీ సందర్శకులకు వర్తించదు. మీకు ఒక టికెట్ చలికాలంలో 2 యూరోలు, వేసవిలో 2.50, రెండు గంటల్లోపు బస్సు మారవచ్చు. ఏడు రోజుల కార్డు సుమారు 25 యూరోలు కాబట్టి, చలికాలపు ధరల్లో వారానికి 12 సార్లకు మించి ఎక్కితేనే గిట్టుబాటు. ఊళ్లన్నీ చుట్టే మొదటి వారానికి కార్డు కొని, మిగిలిన రోజుల్లో విడి టికెట్లు తీసుకోండి.

గది వలెట్టాకు ఎదుటి ఒడ్డున ఉన్న స్లీమా, గ్జీరా ఊళ్ల వైపు చూసుకుంటే స్లీమా నుంచి ఫెర్రీలో కూడా వలెట్టా చేరవచ్చు. వలెట్టాకు రెండో పక్కనున్న గ్రాండ్ హార్బర్ రేవు వైపు దిగినప్పుడు మెట్లెక్కకండి, 58 మీటర్ల ఎత్తున్న బరాక్కా లిఫ్టు ఉంది. మోకాళ్ల కోసం ఒక యూరో ఖర్చుపెట్టడంలో పొదుపు చూడవద్దు. గోజో ద్వీపానికి వెళ్లే పెద్ద ఫెర్రీకి వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలోనే వసూలు చేస్తారు. ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో గీసిన చిత్రం ఉన్న వలెట్టాలోని సెయింట్ జాన్ కో-కెథెడ్రల్ చర్చిని ఆదివారం సందర్శకులకు తెరవరు, కనుక ఆ రోజున గోజో పెట్టుకోవచ్చు.

మాల్టాకు కావలసిన షెంజెన్ వీసా (పలు యూరప్ దేశాల ఉమ్మడి వీసా) రుసుము మనిషికి 90 యూరోలు, నిరాకరించినా తిరిగి ఇవ్వరు. అందువల్ల వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న టికెట్లూ గదులే తీసుకోండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, దాస్తే క్లెయిము నిలవదు. ప్యాకేజీనే తీసుకోదలిస్తే టీసీఎస్ (ఏజెంట్ ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఎంతో కొటేషన్‌లో విడిగా రాయించండి. మీకు పన్ను పడకపోయినా, రిటర్ను వేస్తేనే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది.

చెల్లింపులకు యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు ఒకటి, చేతిలో కొద్దిపాటి నగదు చాలు. మామూలు క్రెడిట్ కార్డులపై విదేశీ మారకపు రుసుము తరచుగా 3.5 శాతం దాకా ఉండి, దానిపై 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. దుకాణంలో మిషను రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే, యూరోల్లోనే అని నొక్కండి.