వాన పడని ఊళ్ళో వాన పాటల క్యాసెట్

ప్రశ్న: ఒకే అంశం మీద పాటలు ఏరి వరుస పెట్టుకోవడంలో అంత ఆనందం ఏముంటుంది? ఫోన్‌లో యాప్ ఇస్తూనే ఉంది కదా?

ఇస్తుంది. మొన్న నేను వాన పాటలు అని కొట్టి చూశాను. పల్లవిలో ఎక్కడో చినుకు అన్న మాట ఉందని ఒక ఏడుపు పాట ఇచ్చింది. దాని వెనకే ఐటం సాంగ్. ఆ తర్వాత ఒక పల్లె పాట, దానికి డీజే దరువు. అందులో ఏ మనిషి చెయ్యీ పడలేదని మూడో పాటకే తెలిసిపోతుంది.

నా లెక్క ఒకటే. అంశం ఎంత ఇరుకుగా ఉంటే అంత మజా. 'ప్రేమ పాటలు' అనేది అంశమే కాదు, తెలుగు సినిమాలో నూటికి ఎనభై అవే. 'విషాద గీతాలు' కూడా అంతే. ఉత్తరం చదువుతూ పాడే పాటలు, రైల్లో పాడే పాటలు, హీరోయిన్ హీరోని ఆటపట్టించే పాటలు, ఇవీ అంశాలంటే. అప్పుడు ప్రతి పాట దగ్గరా ఇది ఇందులో పడుతుందా పడదా అని మనతో మనమే పంచాయితీ పెట్టుకోవాలి. ఆనందమంతా ఆ పంచాయితీలోనే ఉంది.

నేను చేసినవాటిలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకునేది తొంభైల నడుమ చేసిన వాన పాటల క్యాసెట్. మాది కోస్గి పక్కన పల్లె. అప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో మామూలు ఏడాది పడే వానే 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ ఏడాది అదీ లేదు. మా చిన్నాయన విత్తనాలకని బొంబాయి నుంచి వచ్చి, మృగశిర పోయి ఆరుద్ర పోయినా ఆకాశం చూస్తూ కూచుని, చివరికి శ్రావణంలో మళ్ళీ బొంబాయి బస్సు ఎక్కడానికి తయారయ్యాడు. అక్కడ బిల్డింగుల పని. పోయే ముందు నన్ను పిలిచి, "అరేయ్, గాడ ఒక్క తెలుగు పాట ఇనరాదు. నాకొక క్యాసెట్ నింపియ్యి రా" అన్నాడు. ఏ పాటలు కావాలని అడిగితే, "ఏవైనా సరే, సల్లగుండాలె" అన్నాడు. చల్లగా అనగానే నాకు వాన తట్టింది.

ఇక్కడ నా సొంత సిద్ధాంతం ఒకటుంది. వాన పాటలకు అసలైన శ్రోతలు వాన పడని జిల్లాల వాళ్ళే. కోనసీమ వాళ్ళు ఒప్పుకోరనుకోండి. వాళ్ళకు వానంటే దండెం మీద బట్టలు ఆరకపోవడం.

సోనీ 90 ఖాళీ క్యాసెట్ కొని, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర ఒక రికార్డింగ్ షాపుకు వెళ్ళాను. 90 అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు, అంటే తొమ్మిదో పదో పాటలు. ఎక్కించడానికి కూడా అంత టైమే పడుతుంది కాబట్టి, జనం చీటీ ఇచ్చి వెళ్ళిపోయి మర్నాడు వచ్చి తీసుకునేవాళ్ళు. నేను మాత్రం స్టూలు వేయించుకుని అక్కడే కూచున్నాను. చీటీ ఇచ్చి పోతే ఏమవుతుందో తెలుసు. లేని పాట బదులు ఉన్న పాట వేసి, అడిగితే "దానికంటే ఇదే బాగుంటది తమ్మీ" అంటారు.

షాపాయనకూ నాకూ ముందే తగువు పడింది. ఆయన దృష్టిలో వాన పాటంటే తెర మీద హీరోయిన్ తడిసే పాట. క్యాసెట్‌లో తెర ఎక్కడుందన్నా అని నేను. మాటలోనో దరువులోనో వాన వినపడాలి, లేకపోతే వద్దు. ఈ ఒక్క షరతుతో ఆయన చెప్పిన పాటల్లో సగానికి సగం ఎగిరిపోయాయి. సినిమా హాల్లో ఈలలు వేయించిన పాటల్లో ఎన్నిటిలో వానే లేదో అప్పుడు తెలిసింది.

వరుస పెట్టడం ఇంకో సరదా. 'ఆత్మబలం' (1964)లో ఆత్రేయ రాసిన 'చిటపట చినుకులు', దాని పక్కనే 'వేటగాడు' (1979)లో వేటూరి రాసిన 'ఆకుచాటు పిందె తడిసె' పెట్టాను. విడివిడిగా ఈ రెండూ ఎన్నిసార్లు విన్నా తట్టనిది పక్కపక్కన పెడితే తట్టింది. 1964లో వానొస్తే జంట చెట్టు నీడకు పరుగెత్తింది. 1979కి వచ్చేసరికి పరుగెత్తే ఆలోచనే లేదు! తర్వాత 'గ్యాంగ్ లీడర్' (1991)లోని 'వాన వాన వెల్లువాయె'. అక్కడ బప్పీలహరి దరువుకి చెట్టూ నీడా ఎవరికీ గుర్తుండవు. తెలుగు సినిమా ప్రేమ చరిత్ర మొత్తం ఈ మూడు పాటల్లో ఉందని ఆ రోజు షాపాయనకు చెప్పాను. ఆయన టీ తెప్పించాడు.

రెండో వైపు చివర మూడు నిమిషాల పైచిలుకు టేపు మిగిలింది. ఏ పాటా పట్టదు. షాపాయన సగం పాట వేస్తానన్నాడు. సైడు అయిపోయి పాట నడుమ తెగడం కంటే క్యాసెట్‌కు వేరే అవమానం లేదు. వద్దని అట్లాగే ఇంటికి తెచ్చాను.

అదే వారం మా ఊళ్ళో పిల్లలు కప్పతల్లి ఆడుతున్నారు. వానలు మొండికేసినప్పుడు కప్పను గుడ్డలో మూటగట్టి రోకలికి వేలాడదీసి, వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాన మోసుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి రోకలి మీద పోస్తారు. అప్పుడు పాడే పాట మా అవ్వకు మొదట్నించి చివరిదాకా వచ్చు. కరెంటు లేదు, సెల్స్ వేసి టేప్‌రికార్డర్‌ను అరుగు మీద పెట్టాను. "దీంట్ల పాడితే వాడు బొంబాయిల ఇంటడా?" అని ఒకసారి అడిగి మొదలుపెట్టింది. సగంలో ఉండగా పాట ఆపి, "ఓ పిల్లా, మేక గడ్డివామిల పడ్డది సూడు!" అని గట్టిగా అరిచి, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడే మళ్ళీ అందుకుంది. మేక కూడా ఒకసారి అరిచింది. దాన్ని చెరపలేదు. క్యాసెట్ వెనక ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరగ్గొట్టాను, దాని మీద ఇంకెవరూ ఏమీ ఎక్కించకుండా. లోపలి అట్ట మీద సినిమా పేర్లు ఎర్ర ఇంకుతో, పాటలు నీలం ఇంకుతో రాశాను. చివరి వరుసలో 'అవ్వ, మేక' అని.

ఇక్కడ వాన లేక బొంబాయి పోయిన మనిషికి అక్కడ వాన ఎక్కువై పని ఆగింది. తాటిపత్రి కింద మా వైపు కూలీలంతా ఒకచోట చేరి ఈ క్యాసెట్టే వేసుకున్నారట. దీపావళికి వచ్చినప్పుడు చిన్నాయన చెప్పాడు. సినిమా పాటలు అందరికీ నచ్చాయి గానీ, వెనక్కి తిప్పి తిప్పి విన్నది మాత్రం మేక ముక్క. కప్పతల్లి పాట మొదలైనప్పుడల్లా మక్తల్ వైపు పెద్దమనిషి ఒకాయన, "ఆపుండ్రి రా అయ్యా! ఆ ముసలామె గాడ పిలుస్తుంటే వాన ఈడికొచ్చి దంచుతున్నది" అని లేచి మీట నొక్కేవాడట.

ఇది ఏ యాప్ ఇస్తుంది చెప్పండి?

తర్వాత సీడీలు వచ్చాయి. ఎంపీ3 సీడీలో నూట యాభై దాకా పాటలు పట్టేవి. అప్పటినుంచే ఈ కళ చెడింది. ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపుల్లో చిప్పులో పాటలు ఎక్కించడం మొదలై పూర్తిగా పోయింది. చిప్పు నిండాలి కాబట్టి నింపేవాళ్ళు, అంతే. మా వైపు షేర్ ఆటోల్లో ఒక్కో పెన్‌డ్రైవ్‌లో వేల పాటలుంటాయి, డ్రైవర్ ఒక్కటీ పూర్తిగా విననివ్వడు. పల్లవి అయ్యేలోపే తర్వాతిది నొక్కుతాడు. ఇక పెళ్ళి బరాత్‌లో డీజే సంగతి నన్ను అడగొద్దు. పల్లె పాటల కవి గోరటి వెంకన్న పుట్టిన ఉమ్మడి పాలమూరు జిల్లాలో పల్లె పాటకు ఆ గతి పట్టడం నాకు నచ్చదు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే 45 నిమిషాల హద్దు పెట్టుకోండి. ఎవరికోసం చేస్తున్నారో ఆ మనిషిని ముందే అనుకోండి. మీకోసం చేసుకుంటే బద్ధకిస్తారు.

నేను ఇప్పుడు చెరువు మీద చేస్తున్నాను, చెల్లెలి కొడుకు కోసం. వాడు హైదరాబాద్‌లో ఇరిగేషన్ ఆఫీసులో చేరాడు. నిండిన చెరువు మీద పాటలు బోలెడు దొరికాయి. ఎండిన చెరువు మీద సినిమా పాట ఒక్కటి కావాలి, నాలుగు నిమిషాల లోపు. ఎవరికైనా తెలిస్తే సినిమా పేరుతో సహా కింద రాయండి. డీజే కలిపింది మాత్రం పంపకండి.