గ్రూప్ సెషన్లలో ఏఐని ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వద్దు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: పాతిక ముప్పై మందితో వర్క్‌షాపులు నడుపుతున్నారు, కొందరు గదిలో ఉంటారు, కొందరు ఆన్‌లైన్‌లో ఉంటారు. "నోట్లన్నీ కుప్పలుగా సర్దడం, సారాంశం రాయడం ఏఐకి ఇచ్చేస్తే బోలెడు టైమ్ మిగులుతుంది కదా" అని మీ టీమ్‌లో వాళ్లు అంటున్నారు. ఇవ్వొచ్చా అని అడిగారు. నేనూ ఇదే పని చేస్తాను కాబట్టి సూటిగా చెప్తాను. సెషన్‌కి ముందు చేసే పని ఎంతైనా ఇవ్వండి. అయ్యాక చేసే పని కూడా ఇవ్వండి, కాకపోతే ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. మధ్యలో అందరూ తాము రాసినవాటిని ముందేసుకుని "దీని అర్థమేంటి" అని తేల్చుకునే అరగంట ఉంటుంది చూశారా, అది మాత్రం ఇవ్వకండి. టైమ్ మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు.

ఒక సెషన్‌లో షిఫ్టు వేళల మార్పు గురించి చర్చ జరిగింది. అందరూ డిజిటల్ బోర్డు మీద నోట్లు రాశారు. వాటిని దగ్గర దగ్గరవి కలిపి సర్దమని గ్రూప్‌కే చెప్పి, ఇంకో కాపీ మీద బోర్డులో ఉండే ఏఐ బటన్‌తో అదే పని చేయించి, రెండూ పక్కపక్కన తెర మీద పెట్టాను. ఏఐ సర్దింది చూడ్డానికి చాలా బాగుంది, అయిదు శీర్షికలు, ఒక్క నోటు కూడా బయట మిగల్లేదు. గ్రూప్ సర్దింది కాస్త గజిబిజిగానే ఉంది, ఒక మూల ఒక నోటు ఒంటరిగా ఉండిపోయింది: "రాత్రి పదకొండుకి బస్టాప్‌లో ఎవరూ ఉండరు." ఏఐ దాన్ని "రవాణా సదుపాయాలు" కింద పెట్టేసింది. మాటల వరకే చూస్తే తప్పేం లేదు. ఇదొక్కటే ఎందుకు విడిగా ఉందని అడిగితే రాసినావిడే చెప్పింది, "నేను బస్సు గురించి రాయలేదండీ, భయం గురించి రాశాను" అని. అప్పటిదాకా నోరు మెదపని ఇంకో ఇద్దరు ఆ తర్వాత మాట్లాడారు, మిగతా సెషనంతా ఆ నోటు చుట్టూనే నడిచింది. శీర్షికలు చదివేసి ముందుకు వెళ్లిపోయి ఉంటే ఆ విషయం "రవాణా" దగ్గరే ఆగిపోయేది.

ఏఐ పోలికను బట్టి సర్దుతుంది. పదిమంది రాసింది పెద్దగా కనిపిస్తుంది, ఒక్కరు రాసింది ఏదో ఒక కుప్పలో కలిసిపోతుంది. ఇలా నోట్లు సర్దే పద్ధతికి మూలమైన కేజే పద్ధతిని 1960లలో జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకిటా రూపొందించారు, అందులో ఏ గుంపులోనూ ఇమడని కార్డుని బలవంతంగా ఇరికించకుండా విడిగానే ఉంచాలని ఉంటుంది. నన్నడిగితే ఫెసిలిటేటర్, అంటే సెషన్ నడిపే మనిషి, ముందుగా చూడాల్సింది ఆ విడి కార్డునే. ఇంకోటి, సర్దడంలో చెయ్యి పెట్టినవాళ్లే నిర్ణయాన్ని తమదనుకుంటారు. తెర మీద రెడీమేడ్‌గా వచ్చిన సారాంశానికి అందరూ తలూపుతారు, వారం తర్వాత అడిగితే అందులో ఏముందో ఎవరికీ గుర్తుండదు.

ముందు చేసే పనికి మాత్రం ఏఐ నిజంగా మంచి తోడు. నేను అన్నిటికంటే ఎక్కువ వాడేది ప్రశ్నలు పరీక్షించడానికి. సెషన్‌లో అడగబోయే ప్రశ్న ఇచ్చి, "ఇందులో జవాబు ముందే దాగుందా? ఈ మార్పు ఇష్టంలేని మనిషికి ఇది ఎలా వినిపిస్తుంది?" అని అడుగుతాను. "కొత్త పద్ధతిని ఇంకా బాగా ఎలా అమలు చేద్దాం?" అన్న ప్రశ్న, పద్ధతే వద్దనుకునేవాడి నోరు మూసేస్తుందని అది ఇట్టే పట్టుకుంటుంది. చిరాగ్గా ఉన్న సీనియర్‌గానో, నిన్ననే చేరిన కొత్త మనిషిగానో మాట్లాడమని చెప్పి రిహార్సల్ కూడా చేసుకోవచ్చు. అజెండా డ్రాఫ్ట్ ఇస్తుంది కానీ టైమ్ లెక్క నమ్మకండి. "అందరి అభిప్రాయాలు, 10 నిమిషాలు" అని ధీమాగా రాసేస్తుంది, పాతిక మంది తలా ఒక్క నిమిషం మాట్లాడినా 25 నిమిషాలు పడుతుంది. ఆ లెక్క మీరే వేసుకోండి.

ఇక డిజిటల్ టూల్స్. ఏఐ సంగతి ఎలా ఉన్నా, వీటివల్ల వచ్చే అసలు లాభం నా దృష్టిలో ఒక్కటే, అందరూ ఒకేసారి, ఒకరిది ఒకరు చూడకుండా రాయగలగడం. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి, ఆగేలోపు అనుకున్నది మర్చిపోతారు, లేదా ఇది చెప్పడం అనవసరంలే అని వదిలేస్తారు. కలిసి కూర్చుని ఆలోచనలు చెప్పుకునే గ్రూప్ కంటే, అంతే మంది విడివిడిగా రాస్తే ఎక్కువ ఆలోచనలు వస్తాయని, దానికి ముఖ్య కారణం ఈ ఆగడమేనని డీల్, స్ట్రోబే అనే పరిశోధకులు 1987లోనే చూపించారు. కాబట్టి మిరో అనే డిజిటల్ బోర్డులో ఒకరి నోట్లు ఒకరికి కనబడకుండా చేసే ప్రైవేట్ మోడ్ ఆన్ చేసి ముందు అందరినీ రాయనివ్వండి, తర్వాతే తెరవండి. మెంటీమీటర్ అనే ఓటింగ్ టూల్‌లో పోల్ పెడితే అందరూ ఓటు వేసేదాకా ఫలితాలు దాచండి, లేకపోతే మొదటి నలుగురి ఓట్లు చూసి మిగతావాళ్లు అటే జరుగుతారు. పేర్లు లేకుండా రాయండి అని చెప్పేముందు అడ్మిన్ స్క్రీన్‌లో మీకు పేర్లు కనబడుతున్నాయేమో చూసుకోండి. కనబడుతుంటే ఆ మాట అనొద్దు. నమ్మి రాసినవాళ్లకి తర్వాత ఆ సంగతి తెలిస్తే ఇంకోసారి మనసులో మాట రాయరు.

గ్రూప్ మరీ పెద్దదైతే, వందల్లో ఉంటే, పోలిస్ అనే టూల్ చూడండి. అందులో ఎవరైనా ఒక వాక్యం రాయొచ్చు, మిగతావాళ్లు దానికి అవును, కాదు, దాటేస్తాను అని మాత్రమే చెప్పగలరు, రిప్లై ఇచ్చే వీలు లేదు. రిప్లై లేకపోతే వాదన పెరిగే దారే లేదు. 2015లో తైవాన్‌లో ఉబర్ నిబంధనల మీద చర్చకి దీన్నే వాడారు. పరస్పరం వ్యతిరేకంగా ఉన్న రెండు వర్గాలూ ఒప్పుకునే వాక్యాలేవో పోలిస్ విడిగా చూపిస్తుంది.

రికార్డింగ్, ట్రాన్‌స్క్రిప్ట్ (మాటల్ని యంత్రం రాతగా మార్చిన ప్రతి) గురించి జాగ్రత్తగా ఉండండి. మొదట అనుమతి అడగాలి, అదీ నిజంగా వద్దనడానికి వీలుండేలా. రికార్డర్ ఆన్‌లో ఉంటే కొందరు అసలు మాట చెప్పరు, అందుకే సున్నితమైన రౌండ్లకి నేను ఆపేస్తాను, ఆపానని అందరికీ చూపిస్తాను. రెండు భాషలు కలిపి మాట్లాడేవాళ్లుంటే ట్రాన్‌స్క్రిప్ట్‌లో సగం మాటలు ఇంకేవో అయిపోతాయి. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. ఓపెన్‌ఏఐ వాళ్ల విస్పర్ అనే టూల్ మాటల్ని రాతగా మారుస్తూ కొన్నిసార్లు ఎవరూ అనని వాక్యాలు రాసేస్తోందని 2024లో ఒక పరిశోధనలో తేలింది. పరీక్షించిన ఆడియో ముక్కల్లో దాదాపు 1 శాతంలో ఇలా జరిగింది, మనిషి మధ్యలో ఎక్కువసేపు ఆగే చోట్ల ఇంకా ఎక్కువ. ఒక కష్టమైన ప్రశ్న అడిగాక గ్రూప్ మౌనంగా ఉండిపోవడం మన పనిలో ఎంత విలువైనదో మీకు తెలుసు. అలాంటి చోట యంత్రం ఏదో రాసి, అది మీటింగ్ మినిట్స్‌లోకి ఎక్కి, ఒకరి పేరు మీద నిలిచిపోతే ఆ మనిషికి ఎంత అన్యాయం! ట్రాన్‌స్క్రిప్ట్ వాడితే నిర్ణయాలు, పేర్లు, తేదీలు మీ చేతిరాత నోట్స్‌తో పోల్చకుండా ఎవరికీ పంపకండి.

అయితే ఏఐ రాసిన సారాంశం పూర్తిగా పనికిరాదని కాదు. గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు బ్రిటన్‌లో 5,000 మందికి పైగా మనుషులతో చేసిన ప్రయోగం 2024లో వచ్చింది. అందులో ఏఐ రాసిన ఉమ్మడి ప్రకటనల్ని, మనుషులైన మధ్యవర్తులు రాసినవాటి కంటే జనం ఎక్కువగా ఇష్టపడ్డారు, 56 శాతం సార్లు. కానీ వాళ్లు చేసిన విధానం చూడండి. ముందు ఒక్కొక్కరూ తమ అభిప్రాయం రాశారు, ఏఐ డ్రాఫ్ట్ రాసింది, అందరూ దాన్ని విమర్శించారు, ఆ విమర్శలు కలుపుకుని అది మళ్లీ రాసింది. మీరూ అలాగే వాడండి. సెషన్ చివర్లో కాదు, విరామంలో డ్రాఫ్ట్ తీయించి, "ఇందులో మీ మాట ఏది లేదు? ఏది మెత్తబడింది?" అని అడిగి, ఇరవై నిమిషాలైనా కేటాయించి అందరి చేతా కొట్టివేయించండి, రాయించండి. నోట్లు ఏఐకి ఇచ్చేముందు పేర్లు, జీతాలు, ఆరోగ్య వివరాలు తీసేయడం తప్పనిసరి, మీ సంస్థ అనుమతించిన ఖాతాలోనే చేయండి.

ఆన్‌లైన్‌లో కొందరు, గదిలో కొందరు ఉన్నప్పుడు అందరూ ఒకే బోర్డు మీద రాయాలి, గదిలోవాళ్లు కూడా ఫోన్‌లోనే. టైపింగ్ ఇబ్బందిగా ఉన్నవాళ్లకి కాగితం ఇచ్చి, వాళ్లు రాసింది రాసినట్టే బోర్డు మీద ఎక్కించడానికి ఒక సహాయకుణ్ణి పెట్టుకోండి. వాయిస్ టైపింగ్ ఉంది కదా అంటారు, కానీ పక్కన బాస్ కూర్చుని ఉంటే ఎవరూ పైకి చెప్పి రాయరు.