ముప్పై ఒక్క బ్యాగుల్లో ఏవి ఉంచాలి? ముందు తెల్లగుడ్డ, తడిగుడ్డ పట్టుకోండి

మీ సమస్య ఇదీ. కూకట్‌పల్లిలో టూ బీహెచ్‌కే. అటక మీదా అల్మారాలోనూ కలిపి ముప్పై ఒక్క హ్యాండ్‌బ్యాగులు, వాటిలో శిల్పారామంలో కొన్న లంబాడీ కుట్టువి, అత్తగారు ఇచ్చినది కూడా. రోజూ మెట్రోలో హైటెక్ సిటీ ఆఫీసు, చుట్టుపక్కల పనులకు స్కూటీ, ముహూర్తాలొస్తే పెళ్లిళ్లు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి ఇచ్చేయాలి, అమెరికా నుంచి పిన్ని తెచ్చిన కోచ్ బ్రాండు బ్యాగు అమ్మొచ్చా అని అడిగారు.

ఏడాదిగా వాడనిది తీసేయమని అందరూ చెప్పే సలహా మన ఇళ్లలో కుదరదండీ. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, మధ్యలో మూఢం వస్తే మరికొన్ని వారాలు పోగా, పట్టుచీర మీదికి పట్టుకునే పొట్లీ ఏడాదికి మూడుసార్లు బయటికొస్తే ఎక్కువ. అంతమాత్రాన అది పనికిరానిది కాదు. మరోపక్క నాలుగేళ్లుగా కవర్లో భద్రంగా దాచిన పీయూ (తోలులా కనిపించే సింథటిక్) బ్యాగు, ఒక్కసారి కూడా వాడకపోయినా, లోలోపల పాడవుతూనే ఉంటుంది. అందుకే మొదట చూడాల్సింది ఎన్నిసార్లు వాడారని కాదు, దేంతో చేశారని.

ఈ పని పొడి వాతావరణం ఉన్న రోజు పెట్టుకోండి. వాన ముసురులో బూజు వాసన, లైనింగ్ వాసన తేడా తెలియదు. అన్నీ మంచం మీద కాదు, నేల మీద పాత దుప్పటి పరిచి పెట్టండి. ప్రతి జేబూ ఖాళీ చేయండి: చిల్లర, పిన్నీసులు, బొట్టుబిళ్లలు, మాత్రల షీట్లు, మూత ఊడిన లిప్‌స్టిక్. లైనింగును బయటికి లాగి దులిపి, నోళ్లు తెరిచి నీడలో రెండు గంటలు ఉంచండి. ఆ తర్వాతే చూడడం మొదలుపెట్టండి.

తోలా, పీయూనా అన్నది పైపైన తడిమితే తెలియదు. ఈ రోజుల్లో పీయూ మీద కూడా తోలు గీతలు బాగా అచ్చేస్తున్నారు. లోపలి జేబు అంచో, పట్టీ చివర కోసిన చోటో వెతకండి. తోలైతే కోసిన అంచులో పీచుపీచుగా, ఒకే మందంగా కనిపిస్తుంది. పీయూ అయితే కింద అల్లిన గుడ్డ, పైన సన్నటి రంగు పొర, రెండూ వేర్వేరుగా కనబడతాయి. అంచుకు రంగు పూసి మూసేస్తే రింగులోంచి పట్టీ మడిచిన చోట చూడండి. అగ్గిపుల్ల పరీక్ష మాత్రం వద్దు, దాంతో బ్యాగు పోవడం తప్ప తేలేదేమీ లేదు. బ్రాండు కూడా కొంత చెబుతుంది: హైడిజైన్ పేరు తోలుకు, బాగిట్ పేరు తోలు కాని మెటీరియల్‌కు. అయినా అంచు చూడకుండా నమ్మొద్దు.

ఇక పీయూ సంగతి. ఆ పై పొర పాలీయురెథేన్. గాల్లోని చెమ్మ దాని అణువుల గొలుసులను కొంచెం కొంచెంగా తెంచుతుంది. పొర పెళుసై, వంగిన చోట బీటలిచ్చి, పెచ్చులూడుతుంది. వాడితేనే అరుగుతుందనుకోవడం తోలు విషయంలో కొంత నిజం, పీయూ విషయంలో కాదు. చాలావాటికి మూడు నుంచి ఐదేళ్లు, అంతే. మన జూన్ నుంచి సెప్టెంబరు చెమ్మ, దాని మీద అటక వేడి, పైగా ప్లాస్టిక్ కవరు! కవరు దుమ్మును ఆపుతుంది గానీ లోపల చిక్కిన చెమ్మను బయటికి పోనివ్వదు.

పరీక్ష ఇలా. హ్యాండిల్ మొదలు, అడుగు నాలుగు మూలలు, పట్టీ మడత, ఈ మూడు చోట్లా బొటనవేలితో గట్టిగా వంచండి. సన్నటి వెంట్రుక లాంటి గీతలు కనిపిస్తే మొదలైనట్టే. తర్వాత తెల్ల చేతిరుమాలు కొద్దిగా తడిపి, ఒకే చోట ఇరవైసార్లు రుద్దండి. రంగు అంటితే అది చెమట పట్టిన రోజు మీ లేతరంగు కుర్తాకూ అంటుతుంది. పొడి పెచ్చులే వస్తే ఇక ఎవరికీ ఇవ్వొద్దు. పెచ్చులూడిన పీయూకు రిపేరు లేదు. షూ పాలిష్, ఫెవిక్విక్, మార్కర్ పెన్ను, ఇవన్నీ వారం ముచ్చట. ఆ పొట్టు జాకెట్టు చేతికి అంటుకుంటే ఒక్కొక్కటీ గిల్లి తీయాలి. గీతలు ఇంకా రాని పీయూ బ్యాగులే మీరు తొందరపడాల్సినవి: నచ్చితే రేపటి నుంచే వాడేయండి, లేదంటే ఈ నెలలోనే ఇచ్చేయండి. దాచడం అన్న మూడో దారి వాటికి లేదు.

రెక్సిన్ (పీవీసీ) పెచ్చులూడడం తక్కువ, జిడ్డు కారడం ఎక్కువ. మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం పైకి తేలి, వేలు పెడితే అంటుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి తుడిచి చూడండి. కొన్ని వారాల్లో మళ్లీ జిగురైతే తీసేయాల్సిందే. నల్ల రెక్సిన్, క్రీమ్ రంగు బ్యాగు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే క్రీమ్ దానికి మచ్చ పడుతుంది, అది పోదు.

తోలుకు మాత్రం ఓపిక పట్టొచ్చు. తెల్లగా, ఆకుపచ్చగా చుక్కలు కనిపిస్తే అది బూజు. అల్మారా దగ్గర దులపకండి, బాల్కనీకి తీసుకెళ్లి పొడి గుడ్డతో తుడవండి. తర్వాత తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ పిండి, ముందు అడుగున ఒక మూల తుడిచి రంగు మారలేదని చూసుకుని, మిగతాది తుడవండి. ఒక రోజు నీడలో ఆరనిచ్చి, బఠాణీ గింజంత లెదర్ క్రీమ్ పట్టించి, పావుగంట తర్వాత పొడి గుడ్డతో రుద్దండి. కొబ్బరి నూనె రాస్తారు చాలామంది. వద్దు. తోలు నల్లబడుతుంది, నూనె ముక్కిపోతుంది, ఆ వాసన చీరలకు పడుతుంది. షూ పాలిష్ కూడా అంతే, మీరు ఆనుకున్న చోటల్లా రంగు.

తోలు బాగున్నా ఓడిపోయే చోటు ఒకటుంది, అడుగు. చాలా బ్యాగుల అడుగున లోపల అట్ట ఉంటుంది. తడిసి ఉబ్బితే, ఎంత ఎండబెట్టినా ముక్కు దగ్గర పెడితే తడి అట్ట వాసనే వస్తుంది. అట్ట బయటికి తీయగలిగేదైతే మార్చుకోవచ్చు. కుట్టులో కలిపేసి ఉంటే వదిలేయండి. పాత తోలు బ్యాగుల్లో లోపలి జేబులు జిగురుజిగురుగా అవడం ఇంకో రోగం. అది తోలుది కాదు, లైనింగ్ మీది పూతది. బ్యాగు మీద మోజుంటే లైనింగ్ మార్పించండి, చేయదగిన పని అది.

జిప్ పోయిందని బ్యాగునే పక్కన పెట్టేస్తారు, ఇది నాకు బొత్తిగా నచ్చదు. రన్నర్ నడిచినా వెనక పళ్లు విచ్చుకుంటుంటే పాడైంది పళ్లు కాదు, రన్నర్ వదులైంది. పళ్లు కలిసి బయటికొచ్చే వైపు, రన్నర్ రెండు పక్కలా కటింగ్ ప్లయర్‌తో కొంచెం కొంచెంగా నొక్కండి. ఒక్కసారే బలంగా నొక్కితే రన్నర్ విరుగుతుంది. అప్పటికీ పట్టకపోతే రన్నర్ మార్చాలి. చాలావాటి వెనక 3, 5, 8 లాంటి అంకె ఉంటుంది, ఆ సైజు అడగండి. బిగుసుకున్న జిప్‌కు కొవ్వొత్తి ముక్క రుద్దితే చాలు. అదే మెటల్ జిప్‌లో ఒక పన్ను ఊడితే మొత్తం జిప్ మార్చాలి, లైనింగ్ విప్పి కుట్టాలి. ఆ కూలి బ్యాగు ఈనాటి ధరలో మూడోవంతు దాటితే నేనైతే వదిలేస్తాను. హ్యాండిల్ రింగుకు తగిలించినదైతే సులువుగా మారుతుంది, రెండు పొరల మధ్య కుట్టేసినదైతే బేరం ఆడేముందే ఆలోచించుకోండి. కొక్కెం కొనేటప్పుడు పట్టీ వెడల్పు మిల్లీమీటర్లలో కొలుచుకుని వెళ్లండి.

స్థితి బాగున్నవి ఓ పదిహేనో ఇరవయ్యో మిగులుతాయి. ఇప్పుడు పనులు లెక్కపెట్టండి, బ్యాగులు కాదు.

ఆఫీసు బ్యాగుకు తూకమే ముఖ్యం. కూకట్‌పల్లి నుంచి వచ్చి అమీర్‌పేటలో లైను మారాలి, ఆ రద్దీలో మెట్లెక్కాలి. ఖాళీ బ్యాగును వంటింటి తూకం మీద పెట్టండి. లీటరు నీళ్లే కిలో, పైన టిఫిన్ డబ్బా, లాప్‌టాప్, చార్జర్. బ్యాగే ఎనిమిది వందల గ్రాములు దాటితే భుజం చెబుతుంది. తర్వాత మీరు నిజంగా మోసేవన్నీ నింపి, భుజాన వేసుకుని ఇంట్లో పది నిమిషాలు తిరగండి. పట్టీ జారినా, లాప్‌టాప్ మూల జిప్‌కు తగిలినా అది ఆఫీసు బ్యాగు కాదు, ఎంత అందంగా ఉన్నా సరే. ఇలాంటివి రెండు చాలు, వానాకాలానికి నైలాన్‌ది ఒకటి.

స్కూటీకి ఒంటికి అడ్డంగా వేసుకునేది కావాలి, పట్టీ పొడవు సరిచేసుకునే వీలుండాలి. బండి మీద కూర్చున్నప్పుడు పట్టీ చివర వేలాడకూడదు. ఒక్కటి చాలు.

చీరల సంగతికి వస్తే, పవిట ఎడమ భుజాన ఉంటుంది కాబట్టి బ్యాగు కుడివైపే. అక్కడ రాపిడి జరీ అంచుకు. పాత షిఫాన్ చున్నీ ఒకటి తీసుకుని బ్యాగు బకిల్స్, స్టోన్స్, గొలుసు మీదుగా నెమ్మదిగా లాగండి. పోగు పట్టుకుందంటే ఆ బ్యాగు పట్టుచీరకు శత్రువు, డ్రెస్సుల మీదికైనా మార్చండి, లేదా తీసేయండి. క్లచ్‌లైతే ఇప్పటి మీ ఫోను పెట్టి మూత వేసి చూడండి. ఇప్పటి ఫోన్లు చాలావరకు పదహారు సెంటీమీటర్ల పైనే, పాత క్లచ్‌లు వీటికి కుట్టినవి కావు. గొలుసు లేని క్లచ్ మన పెళ్లిళ్లలో ఎందుకో నాకు అర్థం కాదు: ఒక చేతిలో అక్షింతలు, ఇంకో చేతిలో గిఫ్టు, తర్వాత బఫే ప్లేటు. పొట్లీలు రెండు మూడు ఉంచండి, మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

శిల్పారామంలో కొన్న లంబాడీ కుట్టు బ్యాగులు ఉన్నాయన్నారు కదా, అవి ఉంచండి. అద్దం వదులైతే సూది దారంతో మనమే కుట్టుకోవచ్చు. పీయూకు ఆ వీలేది? నీళ్లలో మాత్రం నానబెట్టకండి, ఎరుపు, నీలం కలుస్తాయి.

అత్తగారు ఇచ్చినది అలంకారానికైనా ఉండాలంటే, తోలైతే లైనింగ్ మార్పించి వాడండి. పీయూ అయితే అది మీ ఇష్టంతో నిలబడదు, రెండేళ్లలో రాలుతుంది. బకిలో గొలుసో తీసి వేరే బ్యాగుకు వేయించుకోండి.

కోచ్ బ్యాగు అమ్మాలంటే బిల్లు, డస్ట్ బ్యాగ్ (బ్యాగుతో పాటు వచ్చిన గుడ్డ సంచి), కార్డు వెతకండి, అవి లేకపోతే ధర పడిపోతుంది. పగటి వెలుతురులో ముందు, వెనక, అడుగు మూలలు, జిప్, లోపల కుట్టిన తోలు ముక్క మీది అక్షరాలు, ఇన్ని ఫొటోలూ తీయండి. గీతలు దాచకుండా దగ్గరగా తీయండి, లేకపోతే చూడడానికి వచ్చాక బేరం విరుగుతుంది. మిగతావాటిలో ఫస్ట్ కాపీలు (బ్రాండు పేరుతో వచ్చే నకిలీలు) ఏవైనా ఉంటే ఒరిజినల్ అని అమ్మకండి, ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కింద అది నేరం. ఇంట్లో వాడుకోవాల్సిందే.

మామూలు బ్యాగులకు డబ్బు ఆశించకండి. గురువారం జుమ్మేరాత్ బజార్లో పాత సామాన్లు అమ్ముడవుతాయి, కానీ ఒక్క బ్యాగు కోసం పురానాపూల్ దాకా పోతే ఆటో చార్జీ కూడా తిరిగి రాకపోవచ్చు. జిప్ నడిచే, వాసన లేని బ్యాగును కాలేజీకి వెళ్లే పిల్లకు, ఇంట్లో పనిచేసే అమ్మకు "కావాలా" అని అడిగి ఇవ్వండి. పెచ్చులూడినదాన్ని అంటగట్టడం దానం కాదు, మన చెత్త వాళ్లింటికి పంపడం. ఒకరికి ఒకటి ఇవ్వండి, మూటగట్టి ఇవ్వకండి.

ఉంచుకున్నవి అటక మీద పెట్టొద్దు. స్లాబు కింద ఏప్రిల్, మే వేడికి అతుకుల జిగురు వదులుతుంది. అల్మారా అరలో నిలబెట్టి, లోపల పాత నూలు చున్నీ కూరండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా లైనింగ్‌కు అంటుతుంది. పైన పాత దిండు గలీబు, ప్లాస్టిక్ కాదు. గొలుసును బ్యాగు లోపలికి వేసి పేపర్ టిష్యూలో చుట్టండి, లేదంటే తోలు మీద గొలుసు అచ్చు పడుతుంది. జూన్ మొదట్లో ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి తెరిచి గాలి తగలనివ్వండి.

చెత్త ఆటోకు వెళ్లే పెచ్చు బ్యాగులు పొడి చెత్తలో వేయండి. తగలబెట్టకండి, రెక్సిన్ కాలితే విషవాయువు వస్తుంది. వేసే ముందు కత్తెరతో రింగులు, కొక్కేలు, గొలుసులు, మంచి రన్నర్లు కత్తిరించి ఒక డబ్బాలో పెట్టుకోండి. పట్టీ వెడల్పు కలిసిందంటే, తర్వాత పాడయ్యే తోలు బ్యాగుకు కొక్కెం ఆ డబ్బాలోనే దొరుకుతుంది.