బండి బాగోగులు: కాలి కింద జారిపోయే బ్రేకు

ప్రశ్న: మాది పన్నెండేళ్ల పెట్రోలు కారు. సిగ్నల్ దగ్గర బ్రేకు అదిమి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా కిందికి జారిపోతోంది. వదిలి మళ్లీ తొక్కితే అందుతోంది. బ్రేక్ ఆయిల్ తగ్గలేదు. మెకానిక్ రెండుసార్లు బ్లీడింగ్ చేసి లైన్లో గాలి తీసినా తేడా లేదు. ఇప్పుడు ప్యాడ్లు, షూలు అన్నీ మార్చాలంటున్నాడు. మార్పించమంటారా? (నంద్యాల)

జవాబు: ఆగండి. ప్యాడ్లు అరిగినంత మాత్రాన పెడల్ జారదు. సంగతి తేలేవరకు కారు బయటికి తీయకండి. రెండోసారి అందుతోంది కదా అని ధైర్యపడొద్దు. పిల్లవాడు అడ్డంగా పరిగెత్తినప్పుడు రెండోసారి తొక్కే వ్యవధి ఉండదు.

మెత్తదనం వేరు, జారడం వేరు. పెడల్ స్పాంజిలా ఉండి, గబగబా నాలుగుసార్లు తొక్కితే గట్టిపడుతుంటే లైన్లో గాలి చేరినట్టు. గట్టిగానే ఉన్నా బాగా కిందికి వెళ్లాక పట్టి, రెండో తొక్కుకి పైకి వస్తుంటే వెనక డ్రమ్ముల్లో షూల ఎడం పెరిగినట్టు. అడ్జస్టర్ సరిచేస్తే చాలు. మీ బండిది ఈ రెండూ కాదు. అదిమి పట్టిన కాలి కింద జారుతోందంటే, ఒత్తిడిలో ఉన్న ఆయిల్ తప్పించుకుంటోంది. బయటికి కారుతూ ఉండాలి, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలవైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలే వెనక్కి మళ్లుతూ ఉండాలి.

మట్టం తగ్గలేదన్నారు కానీ, ఒకసారి తడి వెతికించండి. చక్రాల లోపలి వైపు, రబ్బరు హోసులు, డ్రమ్ము విప్పి వీల్ సిలిండర్ బూటు (రబ్బరు తొడుగు) కింద చూడాలి. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచే డబ్బాకి) ఆనుకునే చోటు చాలామంది వదిలేస్తారు. అక్కడి వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్‌లోకి దిగుతుంది, నేల మీద చుక్క కూడా పడదు.

ఎక్కడా తడి లేకపోతే అనుమానం మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పుల మీదే. అరిగిన కప్పు అంచు దాటి ఆయిల్ తిరిగి ట్యాంకులోకే పోతుంది, అందుకే మట్టం తగ్గదు. ఒక్కసారిగా గట్టిగా తొక్కితే కప్పు అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది, పెడల్ బాగానే నిలుస్తుంది. తేలిగ్గా అదిమి అర నిమిషం ఉంచితేనే గుట్టు బయటపడుతుంది. గ్యారేజీలో గట్టిగా తొక్కి చూసి 'బాగానే ఉంది' అనేయడానికి కారణం ఇదే.

రూఢి చేసుకోవాలంటే, సిలిండర్ నుంచి వెళ్లే పైపులు విప్పి, ఆ రంధ్రాలకు అదే మర ఉన్న ప్లగ్గులు బిగించి, లోపల గాలి లేకుండా చూసుకుని పెడల్ అదమాలి. రాయిలా నిలిస్తే సిలిండర్ మంచిదే. అప్పుడూ జారితే మార్చాల్సింది అదే. ప్లగ్గులతో నిలిచి, పైపులు కలిపి గాలి తీశాక కూడా జారుతుంటే, బయట లీకు లేని ఏబీఎస్ బండిలో ఆ యూనిట్ వాల్వులను చూడాలి.

బ్లీడింగప్పుడు పెడల్‌ని నేలకంటా తొక్కించి ఉంటే అదీ చేటు చేసి ఉండొచ్చు. ఏళ్లుగా కప్పులు వెళ్లని చోట సిలిండర్ గోడకి తుప్పు, మడ్డి పట్టి ఉంటాయి. కప్పు అక్కడికి వెళ్తే గీసుకుపోతుంది. పాత బండికి పెడల్ కింద చెక్క ముక్క పెట్టే బ్లీడింగ్ చేయించండి.

రబ్బరు కప్పుల కిట్ ఒక్కటే వేస్తామంటే ఒప్పుకోకండి. గోడకి గీతలుంటే కొత్త కప్పులూ నిలవవు, పూర్తి సిలిండర్ మార్చడమే మేలు. కొత్తదాన్ని బిగించేముందు వైసులో (బిగించి పట్టే పనిముట్టులో) పట్టి, రెండు పైపు ముక్కలను ట్యాంకులోకి తిప్పి, బుడగలు ఆగేదాకా పిస్టన్ నొక్కాలి. ఆ తర్వాత చక్రాలకు గాలి తీయాలి. మన కుడి స్టీరింగు బండ్లలో మామూలుగా దూరం నుంచి దగ్గరికి, అంటే వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ బండి మాన్యువల్ వేరే వరస చెబితే దాన్నే పాటించండి. సీలు విప్పని ఆయిల్ ఒక లీటరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు భాగాలను పెట్రోలుతోగానీ కిరోసిన్‌తోగానీ కడగనివ్వకండి, ఉబ్బి పాడవుతాయి. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ప్రశ్న: తిరుమల ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడి దాదాపు నేలకు తగిలింది. అరగంట ఆపాక మామూలైంది. ఎందుకు? (కడప)

జవాబు: ఆయిల్ మరిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. మరిగితే లైన్లో ఆవిరి బుడగలు పుడతాయి, కాలు నొక్కేది వాటినే. చల్లారాక బుడగలు పోతాయి, నీరు మాత్రం అక్కడే ఉంటుంది. ఆయిల్ అంతా మార్పించండి, ఇకపై రెండేళ్లకోసారి మార్చండి. ఏ చక్రమైనా జామ్ అవుతోందేమో కూడా చూపించండి. ఘాట్ మొదట్లోనే రెండో గేరులోకి దిగండి, కాలు బ్రేకు మీదే ఉంచి దిగకండి.

ప్రశ్న: ఇంజన్ స్టార్ట్ చేయగానే పెడల్ కొంచెం కిందికి వెళ్తోంది. లోపమా? (ఖమ్మం)

జవాబు: కాదు. బూస్టర్ పనిచేస్తోందనడానికి అదే గుర్తు. కొంచెం దిగి అక్కడే నిలవాలి. నిలవకుండా ఇంకా దిగుతుంటే పైన నంద్యాల పాఠకులకు చెప్పిన పరీక్షలే మీకూ.