మోరిస్ గ్రూపుతో స్వానేజ్ ఫోక్ ఫెస్టివల్‌కి మొదటిసారి వెళ్తున్నాను. ఆ రెండు రోజులు ఎలా గడుస్తాయి?

మీరు సౌతాంప్టన్‌లో ఉంటున్నారు, ఈ మధ్యే ఒక కాట్స్‌వోల్డ్ మోరిస్ సైడ్‌లో (గజ్జెలు కట్టుకుని రుమాళ్లు, కర్రలతో చేసే ఇంగ్లిష్ జానపద నృత్య బృందంలో) చేరారు, సెప్టెంబరులో వాళ్లతో డోర్సెట్ తీరంలోని స్వానేజ్ వెళ్తున్నారు. వచ్చినవి నాలుగైదు డ్యాన్సులే కదా సరిపోతాయా, ఆడవాళ్లు, అందులోనూ మనవాళ్లు చేస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారా, అప్పటికి ఇక్కడే ఉండే అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా అని అడిగారు. మా సైడ్‌తో నేనూ స్వానేజ్ వెళ్తుంటాను కాబట్టి అక్కడ చూసిందే చెప్తాను.

నాలుగైదు డ్యాన్సులు చక్కగా సరిపోతాయి. ఎందుకంటే ఆ శని, ఆదివారాల్లో మీరు డ్యాన్స్ చేసేది తక్కువ, పక్కన నిలబడి మిగతా సైడ్లను చూసేది ఎక్కువ. బీచ్ పక్కనో, పబ్ ముందో ఒక చోటు ఇస్తారు. అక్కడ రెండు మూడు సైడ్లు వంతులవారీగా చేస్తాయి. మీ వాళ్లు ఒకటో రెండో చేసి పక్కకు తప్పుకుంటే ఇంకొకళ్లు వస్తారు. శుక్రవారం రాత్రే మీ ఫోర్‌మన్‌తో, అంటే డ్యాన్సులు నేర్పించే మనిషితో, మాట్లాడుకోండి. ఏ డ్యాన్సులు వచ్చో చెప్తే చాలదు, ఆరుగురిలో ఎన్నో స్థానంలో ప్రాక్టీస్ చేశారో కూడా చెప్పండి. మూడో స్థానంలో నేర్చుకున్న మనిషిని హఠాత్తుగా ఆరులో నిలబెడితే ‘హే’ (ఒకరి పక్క నుంచి ఒకరు అల్లుకుంటూ తిరిగే కదలిక) వేసేటప్పుడు దారి మొత్తం తిరగబడుతుంది. ఆ టెన్షన్ కొత్తవాళ్లకు అక్కర్లేదు.

ఇక చూడటం గురించి. నాకు స్వానేజ్ అంటే ప్రాణం, దానికి కారణం ఇదే. ప్రాక్టీస్ హాల్లో మనకు తెలిసేది మన ఫోర్‌మన్ అడుగు ఒక్కటే. మోరిస్‌లో ఊరికో పద్ధతి ఉంది: బాంప్టన్, ఆడర్‌బరీ, హెడింగ్టన్, బ్లెడింగ్టన్, ఇలా. బాంప్టన్ పద్ధతంతా రుమాళ్ల మీదే నడుస్తుంది, కర్రలుండవు. ఆడర్‌బరీ చేసేవాళ్లు చాలాసార్లు ముందు ఆ పాట పాడి, తర్వాత అడుగు వేస్తారు. మీ సైడ్ చేసే డ్యాన్సునే ఇంకో సైడ్ చేస్తుంటే వదలకుండా చూడండి. అదే పాట, అవే మలుపులు, కానీ ఎగరడంలో, రుమాలు పైకి విసరడంలో ఎంత తేడా! జనం మధ్యలో కాకుండా వాయించేవాళ్ల పక్కన నిలబడి పాదాలే చూడండి. ఎడమ పాదం ఎక్కడ ఆనుతుందో, గంతుకు ముందు మోకాలు ఎంత వంగుతుందో అక్కడి నుంచి బాగా తెలుస్తుంది. నెలల తరబడి నోటితో చెప్పినా ఎక్కని సంగతులు నాకు అలా చూస్తుంటే ఎక్కాయి.

కాట్స్‌వోల్డ్ కాక మిగతావీ చూడండి. నార్త్ వెస్ట్ సైడ్లు లాంకషైర్, చెషైర్ మిల్లు ఊళ్ల నుంచి వచ్చిన పద్ధతిలో, చెక్క అడుగున్న క్లాగ్స్ వేసుకుని, పెద్ద డ్రమ్ముతో కదులుతాయి. అసలు ఊరేగింపు కోసమే పుట్టిన డ్యాన్సులవి, సముద్రం వెంట రోడ్డు మీద వాళ్లు వస్తుంటే కాళ్ల కింద నేల అదురుతుంది. మన కాట్స్‌వోల్డ్ డ్యాన్సులు చాలావరకు ఉన్నచోట చేసేవే కాబట్టి ఊరేగింపులో తేలికైన అడుగేదో వేస్తూ నడుస్తాం. ఆ అడుగు ఇంట్లో బాగా సాధన చేసి వెళ్లండి, అరగంట సేపు ఆగకుండా వేయాలంటే పిక్కలు పట్టేస్తాయి.

రాపర్ టీమ్ ఎక్కడైనా పబ్‌లోకి వెళ్తుంటే వెంటనే వాళ్ల వెనకే వెళ్లండి. నార్తంబర్లాండ్, డరమ్ బొగ్గు గని ఊళ్ల డ్యాన్స్ అది. ఐదుగురు, రెండు కొసలా పిడులున్న వంగే ఉక్కు పట్టీలు పట్టుకుని, పట్టీల కొసలు వదలకుండా ఒకరితో ఒకరు అల్లుకుపోతూ, అతి వేగంగా తిరుగుతారు. నాలుగు బల్లలు పక్కకు జరిపితే చాలు, ఆ చోటులోనే చేసేస్తారు.

గాలి గురించి ఎవరూ ముందే చెప్పరు. హాల్లో లేనిది అక్కడ ఉండేది అదే. రుమాలు ఒక మూల ముడివేసి నడివేలికి తగిలించుకోండి, లేకపోతే ఎగిరిపోతుంది. మెలోడియన్ అనే చిన్న అకార్డియన్ మోత గాలివాటుకు ఒక పక్కకే పోతుంది, దూరపు స్థానంలో ఉన్నవాళ్లకు సరిగా వినపడదు. అప్పుడు గజ్జెల చప్పుడు నమ్ముకోవద్దు, ఎదురుగా ఉన్నవాళ్ల భుజాలు చూసి అడుగు కలపండి. నడకదారి మీద ఇసుక ఉంటే బూటు జారుతుంది, ముందే కాలితో తోసేయండి. యాష్ చెట్టు కర్రలు కొడుతుంటే విరుగుతాయి, కోలాటం కర్రల కన్నా దెబ్బ చాలా గట్టిగా పడుతుంది. పగుళ్లు చూసుకుని, ఒకటి అదనంగా తీసుకెళ్లండి.

ఆడవాళ్ల విషయం. ఇది మగవాళ్ల సొత్తని అనేవాళ్లు ఇప్పటికీ ఒకరిద్దరు తగలొచ్చు. కానీ 1905లోనే మేరీ నీల్ లండన్‌లో నడిపిన ఎస్పరాన్స్ క్లబ్‌లో కుట్టుపని చేసుకునే అమ్మాయిలు హెడింగ్టన్ క్వారీకి చెందిన విలియం కింబర్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాతే నగరాల్లో మోరిస్ మళ్లీ ఊపందుకుంది. 1934లో మగ సైడ్ల కోసం మోరిస్ రింగ్ వచ్చింది, 1975లో ఆడవాళ్లు తమ ఫెడరేషన్ తామే పెట్టుకున్నారు. కాబట్టి మీరు ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు. ఒంటి రంగు గురించి కూడా చెప్తాను. వేల్స్ సరిహద్దు ప్రాంతపు పద్ధతి చేసే బోర్డర్ మోరిస్ సైడ్లు ఒకప్పుడు ముఖమంతా నల్లరంగు పూసుకునేవి. అది మనసుకు కష్టంగా ఉండేది. 2020లో మోరిస్ సంస్థలు కలిసి దాన్ని ఆపాలని నిర్ణయించాయి. ఇప్పుడు నీలం, ఆకుపచ్చ లాంటి రంగులు కనిపిస్తాయి. నన్నైతే జనం ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు, ఫొటో అడుగుతారు, అంతే. మా సైడ్ నన్ను ఎన్నడూ పరాయిగా చూడలేదు.

శాకాహారులైతే ఇంటి నుంచి పులిహోర కలిపి తీసుకెళ్లండి, కాస్త ఎక్కువే, మీ సైడ్ వాళ్లు వదలరు. చిప్స్ కొంటే సీగల్స్‌తో జాగ్రత్త, చేతిలోంచే లాక్కుపోతాయి. బీరు తాగకపోయినా ఎవరూ పట్టించుకోరు. క్యాంపింగ్ అయితే సెప్టెంబరు రాత్రి మంచుకు గుడారం తడిసిపోతుంది. గజ్జెల తోలు పట్టీలు బ్యాగులో పెట్టుకునే పడుకోండి, తడి పట్టీ పొద్దున కాలికి ఒరుసుకుంటుంది.

అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకెళ్లండి. వీధుల్లో డ్యాన్సులు చూడటానికి టికెట్ అక్కర్లేదు, మడత కుర్చీలు రెండు ఉంటే చాలు. కారు లేకపోతే సౌతాంప్టన్‌లో వేమత్ వైపు రైలెక్కి వేర్‌హామ్‌లో దిగితే స్వానేజ్‌కి బస్సుంది. బోర్న్‌మత్ నుంచి వచ్చే బస్సైతే సముద్రపు పాయ దగ్గర ఫెర్రీ ఎక్కి దాటుతుంది, పెద్దవాళ్లకు అది బాగా నచ్చుతుంది. శనివారం కాసేపు విసుగనిపిస్తే స్వానేజ్ స్టేషన్‌లో ఆవిరి రైలెక్కి కోర్ఫ్ కోటకు వెళ్లి రావొచ్చు. 1646లో, ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, రాజుతో పోరాడిన పార్లమెంటు సైన్యం పేల్చేసిన కోట అది, ఒరిగిన గోడలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఊరేగింపు వేళ మాత్రం ప్రోగ్రాంలో చూసి, ఆ టైముకు వెనక్కి వచ్చేయమని చెప్పండి.